లేని వైరస్‌కు మందెందుకు?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం పూర్వ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

తలా ఇరవై నిమిషాలు మాట్లాడాలని సంఘం కార్యదర్శి గారు చెప్పినప్పుడు నేను కరెంటు గురించి మాట్లాడతానని అందరూ అనుకున్నారు. ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం అదే. సబ్‌స్టేషన్లలో రిలేలు, బ్రేకర్లు, వాటి రక్షణ వ్యవస్థ చూసుకోవడం నా పని. కానీ ఇవాళ నేను ఎంచుకున్న విషయం హెచ్‌ఐవీ. నేను డాక్టర్ని కాను. ప్రాజెక్టు సైట్లలో కార్మికుల ఆరోగ్య శిబిరాల బాధ్యత చాలాకాలం నా మీద ఉంది. అక్కడికి వచ్చే డాక్టర్లను అడుగుతూ, వాళ్లు ఇచ్చినవి చదువుతూ తెలుసుకున్నదే చెబుతాను. మన బడిలో చదివి డాక్టర్లయినవారు ఈ హాల్లో ఉన్నారు, నేను ఎక్కడైనా దారి తప్పితే వాళ్లే సరిచేస్తారు.

పిల్లల కోసం ముందు నాలుగు మాటల్లో చరిత్ర. 1981 జూన్‌లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో ఐదుగురు యువకులకు అంతుపట్టని జబ్బు చేసిందన్న చిన్న నివేదిక వచ్చింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దానికి కారణమైన వైరస్‌ను పట్టుకున్నారు. మన దేశంలో తొలి కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పని అది. 1996 నాటికి మూడు మందులను కలిపి వాడే పద్ధతి వచ్చింది. అప్పటివరకు మరణశిక్షలా ఉన్న జబ్బు షుగరులా, బీపీలా మందులతో నెట్టుకురాగలిగే జబ్బుగా మారింది. మందులు సరిగ్గా వేసుకుంటే కొన్ని నెలల్లో రక్తపరీక్షలో వైరస్ కనిపించదు. రిపోర్టు మీద ‘లేదు’ అన్నట్టే వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పదేళ్లపాటు రిపోర్టులో వైరస్ కనిపించని మనిషి కూడా మందు ఆపేస్తే, చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్లీ రక్తంలోకి వస్తుంది. పదేళ్లు అది ఎక్కడ ఉంది? మన ఒంట్లో అంత పెద్ద కాపలా దళం ఉండగా దాన్ని ఎందుకు పట్టుకోలేకపోయింది? ఈ ప్రసంగమంతా ఈ రెండు ప్రశ్నల గురించే.

మన రోగనిరోధక వ్యవస్థ శత్రువును ఎలా గుర్తుపడుతుందో ముందు చూద్దాం. ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను కొద్దికొద్దిగా పైపొర మీదికి తెచ్చి చూపిస్తుంది. ఇంట్లో వండినదాంట్లో ఒక ముద్ద వాకిట్లో పెట్టినట్టన్నమాట. సీడీ8 అనే కిల్లర్ కణాలు వీధులన్నీ తిరుగుతూ ఆ ముద్దలు చూస్తుంటాయి. మన వంటే అయితే ముందుకు సాగిపోతాయి. వైరస్ ప్రొటీన్ ముక్క కనిపిస్తే ఆ కణాన్ని అక్కడే చంపేస్తాయి. జలుబు, ఫ్లూ లాంటివి తగ్గడంలో ఈ తనిఖీకి పెద్ద పాత్ర ఉంది. ఇందులో ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో పొయ్యి వెలిగితేనే వాకిట్లో ముద్ద ఉంటుంది.

ఇక హెచ్‌ఐవీ. ఇది చాలా చిన్నది. దాని మొత్తం జన్యు సమాచారం సుమారు 9,700 అక్షరాలు, జన్యువులు తొమ్మిదే. మన డీఎన్‌ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. ఈ వైరస్ దాడి చేసేది సీడీ4 కణాల మీద. మిగతా దళాలకు ఆజ్ఞలిచ్చే కణాలివే. లోపలికి దూరాక వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. తర్వాత ఆ డీఎన్‌ఏను కత్తిరించి అతికించినట్టు మన క్రోమోజోములో కలిపేస్తుంది. ఫ్లూ వైరస్ ఇంటికొచ్చిన దొంగ లాంటిదైతే, ఇది మన ఇంటి దస్తావేజులో తన పేరు రాసుకున్న దొంగ. ఆ కణం బతికున్నంతకాలం ఆ రాత అందులోనే ఉంటుంది.

అలా వైరస్ చేరిన కణాల్లో చాలామటుకు వైరస్‌ను తయారుచేస్తూ చేస్తూ కొద్దిరోజుల్లో చచ్చిపోతాయి. కొన్ని మాత్రం సరిగ్గా ఆ సమయానికి పని ముగించుకుని విశ్రాంతిలోకి వెళతాయి. వీటిని జ్ఞాపక కణాలంటారు. చిన్నప్పుడు తట్టు పోస్తే మళ్లీ జీవితంలో పోయదు కదా, దానికి కారణం ఇలాంటి జ్ఞాపక కణాలే. అవి ఏళ్లతరబడి ఏ పనీ చేయకుండా, పాత శత్రువును మరిచిపోకుండా నిద్రపోతూ ఉంటాయి. కణం నిద్రలో ఉంటే అందులోని వైరస్ రాత కూడా నిద్రలోనే ఉంటుంది. ప్రొటీన్ తయారీ ఉండదు. అంటే పొయ్యి వెలగదు, వాకిట్లో ముద్ద ఉండదు. కిల్లర్ కణం ఆ ఇంటి ముందు నుంచే రోజూ నడిచి వెళుతుంది, దానికి అనుమానపడాల్సిందేమీ కనిపించదు.

మా వృత్తిలోనూ ఇది తెలిసిన సంగతే. రిలే లైనును చూడదు, లైనులో పారే కరెంటును చూస్తుంది. ఛార్జి చేయని లైనులో ఇన్సులేటరు పగిలి ఉన్నా రిలేకు తెలిసే దారి లేదు. రిలే బాగానే ఉంది, వైరింగు బాగానే ఉంది, సంకేతమే లేదు. మందులు కూడా అంతే. అవి వైరస్ తయారీలో ఏదో ఒక మెట్టును అడ్డుకునే మందులు. తయారీయే జరగనిచోట వాటికి పని లేదు. కొత్త కణాలకు అంటకుండా కాపాడతాయి తప్ప నిద్రపోతున్న రాతను చెరపలేవు.

మూడు మందుల చికిత్స వచ్చిన కొత్తలో, కొన్నేళ్లు వాడితే వైరస్ మొత్తం పోతుందని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. 1997లో మూడు పరిశోధక బృందాలు వేరువేరుగా ఆ ఆశ మీద నీళ్లు చల్లాయి. చికిత్సలో ఉండి రక్తంలో వైరస్ కనిపించనివారి విశ్రాంత సీడీ4 కణాలను బయటికి తీసి లేపి చూస్తే, అందులోంచి బతికున్న వైరస్ వచ్చింది. ఇలాంటి కణం దాదాపు పది లక్షల విశ్రాంత కణాల్లో ఒక్కటే ఉంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సిలిషియానో బృందం ఈ నిల్వ ఎంత వేగంగా తగ్గుతుందో ఏళ్లపాటు కొలిచింది. సగం కావడానికి సగటున 44 నెలలు పడుతుందని 2003లో తేల్చింది.

పదో తరగతి పిల్లలూ, ఇది మీ లెక్కల మాస్టారికి నచ్చే లెక్క, కాగితం మీద వేయండి. ఒక మనిషిలో ఇలాంటి కణాలు పది లక్షలున్నాయనుకుందాం. సగం, అందులో సగం, అందులో సగం... అలా ఒక్కటి మిగిలేదాకా రావాలంటే ఇరవైసార్లు సగం చేయాలి. ఇరవై పెట్టు నలభైనాలుగు, 880 నెలలు. అంటే 73 ఏళ్ల పైమాట. ఇరవై ఏళ్లప్పుడు మందు మొదలుపెట్టినవాడికి తొంభైమూడేళ్లు రావాలి. అందుకే ఈ మందు జీవితాంతం.

సరే, కణం ఎప్పుడో ఒకప్పుడు నిద్ర లేస్తుంది కదా, అప్పుడైనా కాపలా దళం పట్టుకోవచ్చు కదా అని మీరడగవచ్చు. నేనూ డాక్టర్లను అదే అడిగాను. వాళ్లు చెప్పిన కారణాలు వరసగా చెబుతాను.

మొదటిది, వేషం మార్చడం. ఈ వైరస్ తన రాతను తిరగరాసుకునేటప్పుడు చాలా తప్పులు చేస్తుంది. ఆ తప్పులే దానికి బలం. కిల్లర్ కణాలు ఏ ముక్కను చూసి గుర్తుపడతాయో, ఆ ముక్క మారిపోయిన వైరస్సే బతికి బట్టకడుతుంది. చికిత్స ఆలస్యంగా మొదలైనవారిలో నిద్రపోతున్న వైరస్సుల్లో అత్యధికభాగం ఇలా వేషం మార్చినవేనని 2015లో వెలువడిన పరిశోధన చూపించింది. లేచినా పాత గుర్తులతో దాన్ని పట్టలేం.

రెండోది, కాపలాదారు అలసట. ఏళ్లతరబడి ఒకే శత్రువుతో పోరాడిన కిల్లర్ కణాల పైన పీడీ-1 లాంటి బ్రేకులు పేరుకుంటాయి. కణం ఉంటుంది, చంపే సత్తా తగ్గిపోతుంది. మందులతో వైరస్ అణిగినా ఆ సత్తా పూర్తిగా తిరిగి రాదు.

మూడోది, దాక్కునే చోటు. మెడలో, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కడుతుంటాయి కదా, ఆ శోషరస గ్రంథుల లోపల ప్రత్యేకమైన గదులుంటాయి. వైరస్ చేరిన సీడీ4 కణాలు కొన్ని అక్కడే కాపురముంటాయి. కిల్లర్ కణాలు ఆ గదుల్లోకి అంతగా వెళ్లవు. పైగా వైరస్ దగ్గర నెఫ్ అనే ప్రొటీన్ ఉంది. వాకిట్లో ముద్ద పెట్టే పళ్లేన్నే అది లోపలికి లాగేస్తుంది.

నాలుగోది అన్నిటికంటే కష్టమైనది. జ్ఞాపక కణం ఊరికే నిద్రపోదు, అప్పుడప్పుడు రెండుగా చీలి తన సంఖ్య నిలబెట్టుకుంటుంది. అది దాని సహజధర్మం. చీలినప్పుడల్లా అందులోని వైరస్ రాత కూడా రెండు ప్రతులవుతుంది. వైరస్ వేలు కదపకుండానే దాని సంతానం పెరుగుతుంది. నిల్వ అంత నెమ్మదిగా తరగడానికి ఇదొక ముఖ్య కారణం. జబ్బులనుంచి మనల్ని కాపాడే జ్ఞాపకశక్తే ఈ వైరస్‌కు ఆశ్రయమైంది.

మరి దీన్ని వెళ్లగొట్టే ప్రయత్నాలు జరగలేదా? చాలా జరిగాయి. నిద్రపోతున్న కణాలను మందుతో లేపి, లేచినవాటిని చంపించాలన్నది ఒక పద్ధతి. 2012లో వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందును ఎనిమిది మందికి ఇస్తే, అందరి కణాల్లోనూ వైరస్ కదలిక కనిపించింది. అంటే లేపడం సాధ్యమే. కానీ అదే ఏడాది మరో బృందం, లేచినంతమాత్రాన ఆ కణాలు చావడం లేదని, కిల్లర్ కణాలకు ముందే తర్ఫీదు ఇస్తే తప్ప పని జరగడం లేదని ప్రయోగశాలలో చూపింది. అందుకని బ్రిటన్‌లో లేపే మందును, కిల్లర్ కణాలకు తర్ఫీదిచ్చే టీకాను కలిపి అరవై మందితో పరీక్ష చేశారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. నిల్వలో తేడా ఏమీ రాలేదు.

పూర్తిగా నయమైనవాళ్లూ ఉన్నారు. మొదటివాడు తిమోతీ రే బ్రౌన్. బెర్లిన్‌లో ఉంటున్న అమెరికన్. బ్లడ్ క్యాన్సర్ రావడంతో 2007లో అతనికి వేరేవారి మూలకణాలు ఎక్కించారు. ఆ దాత కణాలపైన హెచ్‌ఐవీ లోపలికి వెళ్లడానికి వాడుకునే సీసీఆర్5 అనే తలుపు పుట్టుకతోనే లేదు. ఆ వైరస్ మళ్లీ రాలేదు. 2020లో అతను చనిపోయింది క్యాన్సర్ తిరగబెట్టడంవల్ల. ఆ తర్వాత లండన్‌లో ఒకరు, ఇంకొన్నిచోట్ల మరికొందరు ఇలా బయటపడ్డారు. వారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆ చికిత్సలోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది కనుక క్యాన్సర్ లేనివారికి దాన్ని చేయరు. ప్రపంచంలో ఈ వైరస్‌తో బతుకుతున్నవారు సుమారు 4 కోట్ల మంది, మన దేశంలో దాదాపు 25 లక్షలు. వారికి ఇది దారి కాదు.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన ఒక పాప సంగతి కూడా చెప్పాలి. పుట్టిన 30 గంటలకే మందులు మొదలుపెట్టారు. ఏడాదిన్నర వయసులో తల్లి ఆసుపత్రికి రావడం మానేసింది, మందులు ఆగిపోయాయి. కొన్ని నెలల తర్వాత తీసుకొస్తే వైరస్ కనిపించలేదు. నయమైందని 2013లో ప్రపంచమంతా వార్త. మందు లేకుండా 27 నెలలు గడిచాక, 2014లో వైరస్ తిరిగొచ్చింది. అత్యంత సున్నితమైన పరీక్షలకు కూడా దొరకనంత తక్కువ కణాలు, అన్నాళ్లు ఓపిగ్గా పడుకున్నాయి. ‘కనిపించడం లేదు’ అన్న మాటకు ‘లేదు’ అన్న మాటకు మధ్య ఉన్న దూరం ఎంతో ఆ పాప మనకు నేర్పింది.

ఇక్కడినుంచి మన ఊళ్లకు వస్తాను.

ఒక సైటులో మా దగ్గర క్రేన్ ఆపరేటర్ ఉండేవాడు. ఊరూ పేరూ చెప్పను. ఈ సంగతి నలుగురికీ చెప్పమని అతనే నాతో అన్నాడు. ఆరేళ్లు బిళ్లలు మానకుండా వేసుకున్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, రిపోర్టులో వైరస్ కనిపించలేదు. ఆ కాగితం పట్టుకుని ఎవరో నాటువైద్యుడి దగ్గరికి వెళ్లాడు. ఆయన, జబ్బు పోయింది, ఇక ఆ వేడి బిళ్లలు మానేసి నా పొడి మూడు నెలలు వాడు అన్నాడు. ఇతనికీ ఆ మాట కావాలి. ఎందుకంటే గదిలో నలుగురుంటారు, రోజూ రాత్రి బిళ్ల వేసుకుంటుంటే ఎందుకని అడుగుతారు. నెలనెలా మందులకు వెళ్లాలంటే మేస్త్రీకి ఏదో అబద్ధం చెప్పాలి. మానేశాడు. ఎనిమిది నెలలకు టీబీతో మనిషి సగమై నా ముందుకొచ్చాడు. ‘‘లేదని రాశారు కదా సార్, లేనిదానికి మందెందుకు అనుకున్నాను’’ అన్నాడు. మళ్లీ ఏఆర్‌టీ సెంటరులో చేర్పించారు. కోలుకోవడానికి ఏడాది పట్టింది.

అతను అడిగినదాంట్లో తెలివితక్కువతనం ఏమీ లేదు. పొలంలో పురుగు పోయాక మందు కొట్టం కదా. ఈ జబ్బుకు మాత్రం ఆ లెక్క ఎందుకు పనికిరాదో అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చికిత్స మధ్యలో ఆపి, అవసరమైనప్పుడు మళ్లీ మొదలుపెడితే సరిపోతుందేమోనని ఐదు వేలమందికి పైగా రోగులతో ఒక పెద్ద అంతర్జాతీయ పరీక్షే చేశారు. ఆపినవారిలో జబ్బులు, మరణాలు రెట్టింపుకు మించి ఉండటంతో 2006లో దాన్ని మధ్యలోనే నిలిపివేశారు.

దీనికి మంచి వైపు కూడా ఉంది. మందు సరిగ్గా వేసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించని స్థితిలో ఉన్న మనిషి నుంచి లైంగికంగా మరొకరికి అంటదు. ఐరోపాలో వందల జంటలను ఏళ్లపాటు గమనించి 2016లో, 2019లో ప్రకటించిన ఫలితాల్లో అలా అంటిన కేసు ఒక్కటీ లేదు. కలిసి తింటే, పక్కన కూర్చుంటే అంటదన్నది ఎప్పటినుంచో తెలిసిందే. నిల్వ లోపలే ఉన్నా, తాళం బిళ్ల చేతిలో ఉన్నన్నాళ్లూ అది గడప దాటదు.

ఆ బిళ్ల పేదవాడికి అందడంలో మనవాళ్ల చెయ్యి ఉందని పిల్లలు తెలుసుకోవాలి. ఏజెడ్‌టీ అనే తొలి మందును తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతిని 1990ల మొదట్లో హైదరాబాదులోని ఐఐసీటీలో రూపొందించారు. అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు గారు. సిప్లా కంపెనీ ఆ మందును మార్కెట్లోకి తెచ్చింది. ఏడాదికి పది వేల డాలర్లకు పైన ఉన్న మూడు మందుల చికిత్సను అదే కంపెనీ 2001లో 350 డాలర్లకు ఇస్తానంది. ఇవాళ హైదరాబాదు కంపెనీల మందులు ఆఫ్రికా దేశాలకు వెళుతున్నాయి. మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క బిళ్ల చాలు.

మందు ఉంది, ఉచితంగా ఉంది, పనిచేస్తుంది. దాన్ని మాన్పించేది చాలాసార్లు మనమే, మన చూపులే. అందుకని ఈ సభను మూడు కోరికలు కోరతాను.

కంపెనీలు, కాంట్రాక్టులు నడుపుతున్నవారికి: పనివాడు ఆసుపత్రికి వెళ్లాలంటే కారణం అడగకుండా ఆ పూట సెలవివ్వండి. ఉద్యోగానికి ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకు రమ్మనడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. ఆ కారణంగా పనిలోంచి తీసేయడమూ వివక్షే. వందమందికి పైబడిన సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. మీ సంస్థలో ఉన్నారో లేదో సోమవారం వెళ్లి చూడండి.

గురువులకు: ఈ వైరస్‌తో పుట్టిన పిల్లలు, మందులు వేసుకుంటూ ఆరోగ్యంగా చదువుకుంటున్నవారు మన బడుల్లో ఉన్నారు. ఎవరో మనకు తెలియనక్కర్లేదు. జీవశాస్త్రంలో ఈ పాఠం వచ్చినప్పుడు భయపెట్టే బొమ్మలతో ఆపకుండా, మందు ఎలా పనిచేస్తుందో, ఎందుకు మానకూడదో కూడా చెప్పండి. ఆ తరగతిలో ఒక బిడ్డ తన బతుకు గురించే వింటూ ఉండవచ్చు.

పిల్లలకు: పూర్తి నివారణ ఇంకా రాలేదు. మందు లేకుండానే వైరస్‌ను అణచి ఉంచగలిగే మనుషులు నూటికి ఒక్కరికన్నా తక్కువమంది ఉన్నారు. వాళ్లలో చాలామందిలో వైరస్ రాత, క్రోమోజోములో జన్యువులు పనిచేయని బీడుప్రాంతాల్లో చిక్కుకుపోయి ఉందని 2020లో తెలిసింది. మిగతావారిలోనూ దాన్ని అలా శాశ్వతంగా బంధించవచ్చా, లేక కత్తిరించి పారేయవచ్చా అని ఇప్పుడు వెతుకుతున్నారు. ఆ పని చేసేవారు మీలోంచి రావచ్చు.

ఎవరికైనా సందేహం ఉంటే పేరు చెప్పనక్కర్లేకుండా 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు కాస్త పెద్ద అక్షరాల్లో అచ్చువేయమని సంచిక సంపాదకులను కోరుతున్నాను.